స్టార్ ట్రెక్ అభిమాన కథాపత్రికలు: ఒక సమీక్ష

అమెరికా దేశమున 1967వ సంవత్సరము మొదలుకొని ఇంచుమించు ముప్పది సంవత్సరముల పర్యంతము, ఏ ప్రచురణసంస్థయొక్క ఆశ్రయమును లేక, ఏ పుస్తక విక్రేతయొక్క అంగడిలోను కానరాక, గృహిణులును, ఉపాధ్యాయినులును, గ్రంథాలయోద్యోగినులును, విద్యార్థినులును తమ యిండ్లలో తామే టైపుచేసి, తామే అచ్చువేసి, తామే పుటలు కూర్చి, తపాలాద్వారమున ఒకరికొకరు పంపుకొనిన కథాపత్రికలు వందలకొలది కలవు. టెలివిజన్‌లో ప్రదర్శింపబడిన ‘స్టార్ ట్రెక్’ అను సైన్స్ ఫిక్షన్ ధారావాహికమునందలి పాత్రలను గైకొని, ఆ ధారావాహికము చెప్పక విడిచిన కథలను చెప్పుటయే వీనిలో అధికభాగమునకు ప్రధానోద్దేశము. వీనిని సాహిత్యచరిత్రలో ఎచ్చట నిలుపవలెను, అసలు నిలుపవలసిన యవసరము కలదా అను ప్రశ్న చిరకాలమునుండి పండితులయెదుట నున్నది. 1992లో హెన్రీ జెంకిన్స్ రచించిన ‘టెక్స్‌చువల్ పోచర్స్’, అదే వత్సరమున కమిల్ బేకన్-స్మిత్ రచించిన ‘ఎంటర్‌ప్రైజింగ్ విమెన్’, 1997లో కాన్‌స్టన్స్ పెన్లీ రచించిన ‘నాసా/ట్రెక్’ అను గ్రంథములు ఈ విషయమును విశ్వవిద్యాలయములలో చర్చార్హముగా జేసినవి. జెంకిన్స్ పాఠకుని స్వాతంత్ర్యమును జూచెను. బేకన్-స్మిత్ స్త్రీల పరస్పర సహాయసమాజమును జూచెను. పెన్లీ స్త్రీల కాంక్షకును, దేశముయొక్క అంతరిక్షస్వప్నమునకును గల సంబంధమును జూచెను. మువ్వురును గొప్ప శ్రద్ధతో జూచిరి. ఐనను కథలను కథలుగా, పత్రికలను పత్రికలుగా పరీక్షించు పని వారి గ్రంథములలో వెనుకబడినది. ఈ పత్రికల విలువ, పరుల పాత్రలను గ్రహించిన సాహసమునందు కంటె, ఒకతె వ్రాసిన కథను మఱియొకతె ఓర్పుతో చదివి, దిద్ది, వ్యయప్రయాసలకోర్చి ముద్రించిన సంపాదకకృషియందే అధికముగా నున్నదని నా నిశ్చయము. ఆ దృష్టితోనే ఈ చరిత్రను మరల నొకసారి పరిశీలింతును.

ఈ పత్రికలకు పూర్వులు లేకపోలేదు. 1926 ఏప్రిలులో హ్యూగో గెర్న్స్‌బాక్ న్యూయార్కు నగరమునుండి ‘అమేజింగ్ స్టోరీస్’ అను మాసపత్రికను ప్రారంభించి, దానిని కేవలము వైజ్ఞానిక కల్పనలకే కేటాయించెను. అందు పాఠకుల లేఖలను ప్రకటించునపుడు లేఖకుల చిరునామాలను సైతము ముద్రించుచుండుటచేత, దూరదూర నగరములలో ఏకాకులై చదువుకొనుచుండిన యువకులు ఒకరినొకరు ఎఱిగి, మొదట ఉత్తర ప్రత్యుత్తరములను, పిమ్మట సంఘములను, తుదకు సొంత పత్రికలను ఏర్పఱచుకొనిరి. 1930 మే నెలలో షికాగోనుండి రేమండ్ పామర్ సంపాదకత్వమున వెలువడిన ‘ది కామెట్’ ఇట్టి పత్రికలలో మొదటిదని చరిత్రకారులలో అధికసంఖ్యాకుల మతము. 1933 జనవరిలో క్లీవ్‌లాండ్ నగరపు విద్యార్థి జెర్రీ సీగెల్, తన మిత్రుడైన జో షుస్టర్ గీసిన బొమ్మలతో, తాము సైక్లోస్టైలు చేయుచుండిన చిన్నపత్రికలో ‘ది రెయిన్ ఆఫ్ ది సూపర్‌మాన్’ అను కథను ప్రకటించెను. ఐదేండ్ల పిమ్మట వీరిరువురి చేతులనుండియే సూపర్‌మాన్ అను ప్రసిద్ధపాత్ర పుట్టినది. 1939లో లాస్ ఏంజలీసునందు ఇంకను ఇరువదియేండ్లు నిండని రే బ్రాడ్‌బరీ ‘ఫ్యూచురియా ఫాంటాసియా’ అను పత్రికను స్థాపించి నాలుగు సంచికలు వెలువరించెను. ఇంగ్లండునందు 1936లో ‘నోవే టెర్రే’ అను పేర పుట్టిన అభిమానపత్రిక, అనంతరకాలమున ‘న్యూ వరల్డ్స్’ అను సుప్రసిద్ధ మాసపత్రికగా పరిణమించినది. దాని తొలినాళ్ల కృషిలో ఆర్థర్ సి. క్లార్కు పాలుపంచుకొనెను. ఇట్టి పత్రికలకు ‘ఫ్యాన్‌జైన్’ అను పేరు 1940లో రస్సెల్ షోవెనే అను అభిమానిచేత పెట్టబడి స్థిరపడెను. 1955 మొదలు, సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చు హ్యూగో పురస్కారములలో వీనికొక ప్రత్యేకస్థానము గూడ లభించెను.

ఐతే ఆ తొలి పత్రికలలో కథలకు ప్రాధాన్యము స్వల్పము. సమీక్షలు, వాదప్రతివాదములు, సభల వార్తలు, హాస్యలేఖలు వీనిలో నిండియుండెడివి. కథ వ్రాయగలవాడు దానిని ధనమిచ్చు మాసపత్రికకు పంపుటయే పరిపాటి గనుక, అచ్చట తిరస్కృతములైనవి మాత్రమే అభిమానపత్రికకు దక్కెడివి. అందుచేత ‘ఔత్సాహికుని కథ’ యన్న మాటయందే కొంత చులకనభావ మేర్పడెను. పాతతరము అభిమానులు స్టార్ ట్రెక్ పత్రికలను చూచి పెదవి విఱచుటకు ఈ సంస్కారమే కారణము. వారి దృష్టిలో కథాపత్రిక యనగా విఫలుల శరణాలయము. కొత్తగా వచ్చిన స్త్రీల దృష్టిలోనో, తాము వ్రాయదలచిన కథకు లోకమున మఱియొక స్థానమే లేదు. మాసపత్రికలు తిరస్కరించినందున గాక, వానికి పంపుటకే వీలులేని కథలు కావుననే ఇవి ఇచ్చటికి వచ్చినవి. ఈ భేదమును గుర్తింపనివారు ఈ పత్రికల స్వభావమును ఎన్నటికిని గ్రహింపజాలరు.

1966 సెప్టెంబరు 8వ తేదీన ఎన్.బి.సి. సంస్థ ప్రసారము చేయ నారంభించిన స్టార్ ట్రెక్, మూడు విడతలలో 79 భాగములు ప్రదర్శితమై 1969 జూనులో నిలిచిపోయినది. జీన్ రాడెన్‌బెరీ కల్పించిన ఆ లోకమున ‘ఎంటర్‌ప్రైజ్’ అను నౌక నక్షత్రములనడుమ సంచరించుచుండగా, దాని నాయకుడు కర్క్, వైద్యుడు మెక్కాయ్, శాస్త్రాధికారి స్పాక్ అను మువ్వురి మైత్రి కథకు ప్రాణము. వీరిలో స్పాక్ తండ్రివైపున వల్కన్ గ్రహవాసి, తల్లివైపున మానవుడు. భావోద్రేకమును సంపూర్ణముగా జయించుటయే ధర్మమని నమ్మిన జాతియందు పెరిగి, తనలోని సగపాలు మానవరక్తమును నిత్యము నిగ్రహించుకొనుచు బ్రతుకువాడు. అతడు పైకి చెప్పనిది ఎంతయో కలదు. ఆ చెప్పనిదానియందే కథకురాండ్రకు అపారమైన క్షేత్రము లభించెను. వల్కన్ జాతి గృహస్థధర్మ మెట్టిది, వారి భాషయొక్క వ్యాకరణ మెట్టిది, మానవస్త్రీయైన స్పాక్ తల్లి ఆ గ్రహమున ఎట్లు జీవించెను అను ప్రశ్నలకు టెలివిజన్ ఇచ్చిన సమాధానములు అత్యల్పములు.

ఈ ప్రశ్నలతోనే 1967 సెప్టెంబరులో ‘స్పాకనేలియా’ అను పత్రిక న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమునుండి వెలువడెను. డెవ్రా లాంగ్‌శామ్, షెర్నా కమర్‌ఫర్డ్ అను నిరువురు యువతులు దానికి సంపాదకులు. సంపూర్ణముగా స్టార్ ట్రెక్కునకే అంకితమైన మొదటి అభిమానపత్రిక యిదియే. దానిని నేటివారు ఆశ్చర్యముతో చదువదగిన కారణ మొకటి కలదు: అందలి రచనలలో ఉద్వేగముకంటె జిజ్ఞాస యధికము. స్పాక్ శరీరనిర్మాణమును, వల్కన్ మనస్తత్త్వమును గూర్చి శాస్త్రపరిభాషతో వ్రాసిన వ్యాసములు, పద్యములు, చిత్రములు, కథలు ఒకదానిప్రక్క నొకటి యున్నవి. భాషాశాస్త్రము నెఱిగిన డొరొతీ జోన్స్ అందు ‘ని వర్’ అను వల్కన్ కావ్యరూపము నొకదానిని కల్పించెను; ఒకే వస్తువుయొక్క రెండు ముఖములను జోడించి చూపునది ఆ ప్రక్రియ. ఆమె కల్పించిన ఆ నామము ముప్పదియేండ్లు దాటిన పిమ్మట అధికారిక ధారావాహికలలోనే ఒక నౌకకు పేరైనది. 2020లో ప్రసారమైన భాగములలో వల్కన్ గ్రహమునకే పేరైనది. సైక్లోస్టైలు కాగితముపై పుట్టిన యొక భావన అర్ధశతాబ్దిపాటు జీవించి, మూలకథలోనికి ప్రవేశించుట సామాన్యవిషయము కాదు. స్పాక్ పాత్రధారియైన లియొనార్డ్ నిమోయ్ మొదటి సంచికకే శుభాకాంక్షలు పంపెను; తన కార్యాలయములోని వారందరును ఆ పత్రికను చదువవలెనని తాను నిర్ణయించినట్లు రాడెన్‌బెరీ సంపాదకులకు లేఖ వ్రాసెను. 1970 వఱకు ఐదు సంచికలు వెలువరించి, సంపాదకులు తాము తలపెట్టిన పని ముగిసినదని నిలిపివేసిరి.

ఇక ఈ పత్రికలు తయారగు విధానమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, పరిశోధకులు దీనిని ముచ్చటగా వర్ణించి విడిచిరే గాని, కథల స్వరూపమును నిర్ణయించినది ఇదియే యని గుర్తింపలేదు. మైనపుపూత గల స్టెన్సిల్ కాగితమును టైపు యంత్రమున నెక్కించి, సిరాపట్టీని తప్పించి, ఉత్త అక్షరపు అచ్చుతో దానిని కోయవలెను. తప్పు పడినచోట ఘాటైన వాసనగల దిద్దుబాటు ద్రవమును పూసి, ఆఱిన పిమ్మట మరల కొట్టవలెను. కోసిన స్టెన్సిల్‌ను సిరా నిండిన గుండ్రని పెట్టెకు చుట్టి త్రిప్పగా కాగితములు ఒక్కొక్కటిగా అచ్చుపడును. మన దేశమున పాఠశాలల ప్రశ్నపత్రములును, కార్మికసంఘముల కరపత్రములును దీర్ఘకాలము ఈ సైక్లోస్టైలు యంత్రముపైననే ముద్రితములైనవి కావున తెలుగు పాఠకులకు దీని స్వరూప మపరిచితము కాదు. నూఱు పుటల సంచికకు నూఱు స్టెన్సిళ్లు కోయవలెను. అచ్చైన కాగితముల దొంతరలను బల్లలపై వరుసగా పేర్చి, మిత్రురాండ్రందఱు చుట్టును తిరుగుచు పుటకొకటి చొప్పున తీసి కూర్చవలెను. పిమ్మట లోహపుపిన్నులు కొట్టి, చిరునామాలు వ్రాసి, బిళ్ళలంటించి తపాలాకార్యాలయమునకు మోయవలెను.

ఇంత శ్రమ యున్నచోట, ప్రతిపుటకును ధరయున్నచోట, చేతికందిన దెల్లను అచ్చువేయుట అసాధ్యము. స్టెన్సిల్‌పై మొదటి యక్షరము పడుటకుముందే కథ స్థిరపడవలెను. కావున మంచి సంపాదకులు కథను రచయిత్రికి రెండుమూడుసార్లు త్రిప్పిపంపి, ఈ సన్నివేశము నమ్మదగియుండలేదనియు, ఈ మాట కర్క్ నోటినుండి వచ్చునది కాదనియు, ఈ పుట అనవసరమనియు నిష్కర్షగా వ్రాసెడివారు. ఆ లేఖలే ఆ రచయిత్రులకు పాఠశాల. సంచిక వెలువడిన పిమ్మట చందాదారులు వ్రాసిన విమర్శలేఖలు తరువాతి సంచికలో ప్రకటితమగుచుండెను. అనగా కథ వ్రాసినయామె కొన్ని మాసముల యనంతరము తన కథపై పదిమంది చదువరుల యభిప్రాయములను వారి పేర్లతోనే చదువుకొనెడిది. ధనమిచ్చు మాసపత్రికలలో అచ్చైన కథకునికి ఇట్టి భాగ్యము సాధారణముగా లభింపదు. రచయిత్రికి దక్కు పారితోషిక మొక్కటే: ఒక ప్రతి ఉచితము. ధరయు ముద్రణవ్యయమునకును, తపాలాఖర్చునకును మాత్రమే సరిపోవునట్లు నిర్ణయింపబడుట ఆచారము; లాభము గొనుట నింద్యమని వారందరి యంగీకారము. ఈ నియమము కేవలము ధర్మబుద్ధిచేత నేర్పడినది కాదు, పాత్రల హక్కుదారులయెడ భయముచేత గూడ నేర్పడినదే. ఐనను దానినుండి వెలువడిన ఫలితము ఉత్తమము. ధనాపేక్ష లేనందున సంపాదకురాలికి పాఠకుల సంఖ్యను పెంచవలసిన యావశ్యకత లేకపోయెను; రచన బాగుగా లేకున్నచో నిరాకరించు స్వేచ్ఛ యామెకు మిగిలెను.

ధారావాహికము 1969లో నిలిచిపోగా పత్రికలును క్షీణించునని తలచిన వారికి విపరీతఫలము కానవచ్చెను. కొత్త భాగములు రానిచోట పాఠకులే వానిని వ్రాసుకొనసాగిరి. ఆ యేటనే మినియాపొలిస్ నగరమునుండి రూత్ బెర్మన్ ‘టి-నెగటివ్’ అను పత్రికను ప్రారంభించి పదియేండ్లు నడపెను. స్పాక్ రక్తవర్గముయొక్క నామమే దాని నామము. బెర్మన్ స్వయముగా చక్కని కథకురాలు, అంతకుమించిన సంపాదకురాలు. ఆమె పత్రికలో అచ్చుపడినదానికి భాషాశుద్ధియు, మితభాషిత్వమును సహజలక్షణములుగా కానవచ్చును. 1972 జనవరిలో న్యూయార్కునందు జరిగిన మొదటి పెద్ద స్టార్ ట్రెక్ సమ్మేళనమునకు కొన్నివందలమంది వత్తురని నిర్వాహకులు తలంపగా వేలకొలది జనులు వచ్చిరి. లాంగ్‌శామ్ ఆ నిర్వాహకులలో నొకతె. అటుపిమ్మట పత్రికల సంఖ్య శీఘ్రముగా పెరిగెను. ఏ పత్రిక ఎచ్చట దొరకునో తెలుపు సూచికలు వెలువడెను. చిరునామా వ్రాసి బిళ్ళ యంటించిన ఖాళీకవరు పంపినవారికి సమాచారము తిరుగుటపాలో అందుచుండెను.

ఆ కాలపు రచనలలో జాక్వెలిన్ లిక్టెన్‌బర్గ్ ఆరంభించిన ‘క్రెయిథ్’ అను కథాపరంపరకు విశేషస్థానము కలదు. టి-నెగటివ్‌లో మొదలైన యీ పరంపరలో వల్కన్ జాతియొక్క ఆచారములు, వంశములు, క్రతువులు అన్నియు సాంగోపాంగముగా నిర్మింపబడినవి. క్రెయిథ్ అనునది ఒక పవిత్రపానపాత్ర. పదులకొలది యితర రచయిత్రులు, చిత్రకారిణులు ఆమె యనుమతితో అదే లోకమున తమ కథలను చేర్చిరి. ఒక్కరి కల్పనలో పలువురు కలిసి పనిచేయుట, దానికొక పథకమును, నియమావళిని ఏర్పఱచుకొనుట, ఈ పత్రికలు సాధించిన విషయములలో మిక్కిలి కొత్తది. ఐనను నా దృష్టిలో క్రెయిథ్ సంపూర్ణవిజయము గాదు. వల్కనులను మానవులకంటె జన్మచేతనే ఉన్నతులుగా చిత్రించుట ఆ కథలలో క్రమక్రమముగా హెచ్చినది. పలువురు పాఠకు లానాడే దానిని నిరసించిరి. సమానత్వమును ప్రబోధించిన మూలకథనుండి వంశాభిజాత్యమును స్తుతించు కథ పుట్టుట విచారకరమే. కాని ఆ నిరసనము గూడ వ్యర్థము కాలేదు. కొందఱు రచయిత్రులు దానికి సమాధానముగా వేరొక వల్కన్ లోకమును నిర్మించిరి. జీన్ లోరా స్పాక్ తలిదండ్రుల దాంపత్యమును వస్తువుగా గైకొని 1976లో ‘ది నైట్ ఆఫ్ ది ట్విన్ మూన్స్’ అను పుస్తకమును తానే ప్రకటించెను. మధ్యవయస్సు దాటిన భార్యాభర్తల ప్రేమను గౌరవముతో చెప్పిన కథ యది. టెలివిజన్ ఒకటిరెండు భాగములలో మాత్రమే చూపిన ఆ దంపతులు లోరా చేతిలో పూర్ణమానవు లయిరి.

కథకు కథయే సమాధానమగు ఈ సంప్రదాయమునకు ఇంకొక యందమైన నిదర్శనము కలదు. లోరా మఱియొకరితో గలిసి స్పాకనేలియాలో వ్రాసిన కథలో నౌకావాసులు ముగ్గురు పొరబాటున టెలివిజన్ చిత్రీకరణశాలలోనికి వచ్చిపడుదురు. అది చదివిన రూత్ బెర్మన్, అదే క్షణమున ఆ ముగ్గురు నటులు నిజమైన నౌకలోనికి పోయియుండవలెను గదా యని యూహించి, వారచ్చట ఏమి చేసిరో వేరొక కథగా వ్రాసెను. నటనతప్ప వేరేమియు నెఱుగనివారు నిజమైన యాపదలో తమ పాత్రలను పోషించి బ్రతికి బయటపడుట అందలి కథావస్తువు. ఇది 1976లో బాంటమ్ సంస్థ ప్రచురించిన ‘స్టార్ ట్రెక్: ది న్యూ వాయేజెస్’ అను సంపుటమున పునర్ముద్రితమైనది. అభిమానపత్రికలనుండి ఏరిన కథలను ఒక పెద్ద ప్రచురణసంస్థ, మూలకర్తయైన రాడెన్‌బెరీ ముందుమాటతో, సర్వజనులకు విక్రయించుట అంతకుముందు జరుగని విషయము.

గుణములను చెప్పినట్లే దోషములను గూడ చెప్పవలెను. ఈ కథలలో గాయపడిన నాయకుని శయ్యచెంత కూర్చుండి స్నేహితుడు పరితపించు ఘట్టము లెన్నియో కలవు. చదువగా చదువగా విసువు పుట్టును. నౌకలోనికి క్రొత్తగా వచ్చిన పడుచు, రూపమున, విద్యయందు, శౌర్యమున అందరిని మించి, అందరిచేత ప్రేమింపబడి, నౌకను రక్షించి, వీరమరణ మొందు కథలును అట్టివే. ఈ రోగమునకు చికిత్స లోపలినుండియే వచ్చినది. మిషిగన్‌నుండి వెలువడుచుండిన ‘మెనాజరీ’ పత్రికయొక్క 1973 డిసెంబరు సంచికలో, దాని సంపాదకులలో నొకతెయైన పాలా స్మిత్ ‘ఎ ట్రెకీస్ టేల్’ అను అతిచిన్న వ్యంగ్యకథను ప్రకటించెను. పదునైదున్నర యేండ్ల మేరీ స్యూ అను లెఫ్టినెంటు దాని నాయిక. ఒక పుటకు మించని ఆ రచన పెద్ద విమర్శగ్రంథము చేయలేని పని చేసినది. ఆ నామము నేటికిని విమర్శపరిభాషలో నిలిచియున్నది. దాని ప్రభావము పూర్తిగా మేలే చేసినదని చెప్పుటకు మాత్రము నాకు మనసొప్పదు. మేరీ స్యూ యని యాక్షేపింతురను భయముచేత, పిమ్మటివారు సమర్థురాలైన స్త్రీపాత్రను కల్పించుటకే జంకిరని బేకన్-స్మిత్ వ్రాసినది. మూలకథలో ఉహూరా, చాపెల్ వంటి స్త్రీలకు దక్కని స్థానమును స్త్రీలు వ్రాసిన కథలైనను ఇయ్యవలసియుండగా, ఆ భయము కొంతకాలము దానికి అడ్డు నిలిచెను. బాలిక తన్ను తాను వీరనారిగా ఊహించుకొనుట దోషము కాదు. ఆ యూహకు ఎదురుదెబ్బయే లేకుండుట కథాదోషము. ఈ రెంటికిని గల భేదమును అప్పటి విమర్శకులు తగినంత స్పష్టముగా చెప్పలేదు.

1974 సెప్టెంబరులో ‘గ్రప్’ అను పత్రిక మూడవ సంచికయందు కర్క్, స్పాకుల మైత్రిని ప్రణయముగా సూచించు రెండుపుటల రచన యొకటి వచ్చినది. ముద్రితమైన అట్టి కథలలో ఇది మొదటిది. పిమ్మటి దశాబ్దమున ఈ శాఖ విస్తరించి, పాఠకలోకమును రెండుగా చీల్చెను. 1977లో పుట్టిన ‘ఇంటర్‌స్టాట్’ అను లేఖాపత్రిక పుటలు ఆ వాదములతో నిండినవి. వయస్సు నిండినదని సంతకము చేసి పంపినవారికే కొందఱు సంపాదకు లిట్టి సంచికల నమ్మెడివారు. పండితుల దృష్టి అధికముగా ఈ శాఖపైననే ప్రసరించుటచేత, స్టార్ ట్రెక్ పత్రికలనగా ఇవియేయను భ్రమ విశ్వవిద్యాలయములలో వ్యాపించినది. సాహసమున్నచోట చూపు నిలుచుట సహజమే. కాని ఇరువురు సమానుల నడుమ ప్రేమ ఎట్లుండునో స్త్రీలు పురుషపాత్రలద్వారమున యోచించిరను వాదము ఎంత సత్యమైనను, అదే యోచన లోరా దంపతీకథలలోను, క్రెయిథ్‌లోను వేఱుదారులలో సాగినదని గమనింపక చేసిన నిర్ణయము అసమగ్రము.

చట్టమువిషయమున ఈ పత్రికల స్థితి యెన్నడును నిశ్చితము కాలేదు. పాత్రల హక్కులు గల పారమౌంటు సంస్థ దీర్ఘకాలము చూచియు చూడనట్లుండెను. 1977లో ‘స్టార్ వార్స్’ వచ్చి, దానిపై కథాపత్రికలు బయలుదేరగా, లూకస్ సంస్థ మొదట నోర్చినను, 1981లో శృంగారకథలు కూడదని ఆ సంస్థ అభిమానసంఘాధికారిణి సంపాదకులకు హెచ్చరిక పంపెను. న్యాయస్థానమున వాదించుకొను శక్తి ఏ సంపాదకురాలికిని లేదు. అనుమతియు నిషేధమును గాని ఈ యుపేక్షపై ముప్పదియేండ్లు ఒక సాహిత్యము నిలిచినది. తెలుగువారి కిది వింతగా తోచును. మనకు రామకథ ఎవరి సొత్తును కాదు. మొల్లయు చెప్పినది, విశ్వనాథ సత్యనారాయణగారును చెప్పిరి, రంగనాయకమ్మగారు ఎదిరించి వ్రాసిరి, ఓల్గాగారి ‘విముక్త’లో శూర్పణఖయు, అహల్యయు సీతతో మాటలాడిరి. ఐనను ఈ సాదృశ్యమును మితిమీరి చెప్పుట సత్యమునకు విరుద్ధము. వాల్మీకి కథకు హక్కుదారు లేడు. మొల్లకు లేఖ వ్రాసి బెదిరింపగల సంస్థ లేదు. నిన్న మొన్న పుట్టి, ఒక వ్యాపారసంస్థ యధీనముననున్న కథను ఇతిహాసమువలె అందరిదిగా భావించుటయే ఆ స్త్రీలు చేసిన నూతనకార్యము.

జపానునందు ఈ చరిత్ర వేఱుగా నడచినది. 1957లో తకుమి షిబానో స్థాపించిన ‘ఉచూజిన్’ అను ఔత్సాహికపత్రికలో స్వతంత్రకథలే వచ్చెడివి. షినిచీ హోషి రచన అచ్చట అచ్చుపడి, ప్రసిద్ధపత్రికలో పునర్ముద్రితమై, ఆతడు ఆ దేశపు సైన్స్ ఫిక్షన్ రచయితలలో నగ్రగణ్యు డయ్యెను. 1975 డిసెంబరులో టోక్యోయందు 32 బృందములతో మొదలైన కామిక్ మార్కెట్టు నేటికిని స్వయంముద్రిత పుస్తకములను లక్షలజనుల మధ్య విక్రయించుచున్నది. ముద్రితపత్రికకు కాలము చెల్లినదను మాటకు జపాను సమాధానము.

ఈ పత్రికలనుండి వృత్తిరచయితలైనవారు కలరు. హ్యూగో పురస్కారముల నెన్నిటినో పొందిన లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ 1968లో స్నేహితురాలితో గలిసి ‘స్టార్‌డేట్’ అను పత్రికను వెలువరించినది. లిక్టెన్‌బర్గ్ 1974లో ‘హౌస్ ఆఫ్ జియోర్’ అను స్వతంత్రనవల ప్రకటించినది. లోరా తరువాతికాలమున అధికారిక స్టార్ ట్రెక్ నవలలు రచించినది. ఐనను పైకి వచ్చినవారి పేర్లు చెప్పి ఈ పత్రికలను సమర్థించు పద్ధతి నాకు సమ్మతము కాదు. ఎన్నడును ధనమునకు వ్రాయక, నాలుగు వందలమంది పాఠకులకై నాలుగు మంచికథలు వ్రాసి, మరల తన యుద్యోగమున, తన సంసారమున నిమగ్నయైన స్త్రీయే ఈ సాహిత్యమునకు నిజమైన ప్రతినిధి. ఆమె కథను ఆమె కథగానే తూచవలెను.

కాలక్రమమున ఆఫ్‌సెట్ ముద్రణము, జిరాక్సు యంత్రము వచ్చి పుటలు తెల్లబడినవి, సంచికలు లావెక్కినవి. దానితోబాటు సంపాదకుల కత్తెర మొద్దువారెను. అచ్చు సులువైనకొలది కథలు పొడవైనవని పాత సంచికలను, కొత్త సంచికలను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారికి స్పష్టమగును. 1990 తరువాత ఇంటర్నెట్టు విస్తరింపగా రచయిత్రులు క్రమముగా అటు మరలిరి. అచ్చట ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను చదువవచ్చును, ఇది మేలే. మధ్యనుండి తిరస్కరింపగల సంపాదకురాలు మాత్రము తొలగిపోయెను. ఆ నష్టమును ఎవరును గణింపలేదు.

మిగిలిన ప్రతులకు ఇపుడు గ్రంథాలయములే దిక్కు. సైక్లోస్టైలునకు వాడిన చౌకకాగితము ఆమ్లగుణము కలది. పసుపువారి, అంచులు పెళుసై విఱుగును. అయోవా విశ్వవిద్యాలయము, టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము, ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయము, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖ వీనిని శ్రద్ధతో సేకరించుచున్నవి. జోన్ మేరీ వెర్బా 1996లో ప్రకటించిన ‘బోల్డ్‌లీ రైటింగ్’ 1967 నుండి 1987 వఱకు వెలువడిన పత్రికల చరిత్రకు నేటికిని మంచి మార్గదర్శి. వీనిని కంప్యూటరు ప్రతులుగా మార్చి లోకమంతటికి తెరచి పెట్టవలెనని కొందఱు కోరుచున్నారు. నేను దానికి సంపూర్ణముగా సమ్మతింపను. మిత్రులవంటి కొలదిమంది పాఠకులను నమ్మి, కొందఱు మాఱుపేర్లతో వ్రాసిన కథ లవి. బ్రతికియున్న రచయిత్రి యనుమతి లేక వానిని సర్వజనసమక్షమున పెట్టుట అన్యాయము. గ్రంథాలయములు ముందుగా చేయవలసిన పని వేఱొకటి కలదు: ప్రతిసంచికలోని ప్రతికథకును, రచయిత్రి నామముతోను, వస్తువుతోను, అది యే కథకు సమాధానమో తెలుపు సూచనతోను విషయసూచిక తయారుచేయుట. పత్రికల పేర్లు మాత్రమే గల పట్టికలతో సాహిత్యవిమర్శ సాగదు.

అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచున్న తెలుగు విద్యార్థినీవిద్యార్థు లిపుడు వేలకొలది కలరు. అయోవా, టెక్సాస్, ఒహాయో రాష్ట్రములలోను వారున్నారు. ఈ సేకరణములు ఆయా గ్రంథాలయముల పఠనమందిరములలో చదువగోరువారికి లభ్యములు. వారిలో సాహిత్యాభిరుచి కలవారు ఒక సెలవుదినమున అచ్చటికి పోయి, మొదట స్పాకనేలియాను, పిమ్మట టి-నెగటివ్‌ను, మెనాజరీని అడిగి తెప్పించుకొని, పరిశోధకుల సిద్ధాంతములను కాసేపు ప్రక్కనబెట్టి, కథలను మాత్రమే చదివి, బాగున్న వానిని గూర్చి మన పత్రికలకు తెలుగున వ్రాయవలసినదిగా కోరుచున్నాను.